కరెంటునకును వంతు కావలెను
రద్దీ గంటలలో ఇంటి విద్యుత్తు వాడుక తగ్గించుకొను విధము – మిరుదొడ్డి ప్రాంత రైతు కుటుంబములకు ఒక పాఠము

మార్చి నెల వచ్చునప్పటికి మిరుదొడ్డి ప్రాంతమున యాసంగి వరి ఈని, గింజ పాలుపోసుకొను దశలో నుండును. ఈ దశలో తడి తప్పినచో తాలు పెరుగును. పెట్టిన పెట్టుబడి కండ్లయెదుట తరిగిపోవును. బోరు నీటిని నమ్ముకొన్న పైరునకు కరెంటే కాలువ. సరిగా ఇదే నెలలో రాష్ట్రమంతట విద్యుత్తు గిరాకీ శిఖరమున కెక్కును. 2023 మార్చి 30వ తేదీన తెలంగాణ గిరాకీ 15,497 మెగావాట్లకు చేరినది. 2025 మార్చిలో అది 17,000 మెగావాట్లను మించినది.

ఇంత పెద్ద లెక్కలో మన యింటి వేడినీళ్ల హీటరు ఏపాటిదని పలువురు తలంతురు. ఆ హీటరు ఎంత పెద్దది అనుట కన్న అది ఏ గంటలో పెట్టబడుచున్నది అనుట ముఖ్యము. ఈ సంగతిని విశదపరచుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

చెరువు తూము చెప్పు నీతి

చెరువు నిండా నీరున్నను తూము ఒక్కటే. ఆయకట్టులోని మళ్లన్నిటికి ఒకే గంటలో నీరు పారించ బూనినచో చివరి మడికి చుక్క చేరదు. అందుకే మన పెద్దలు నీరడిని పెట్టి, వంతులు ఏర్పరచి, పగటి పారకము కొందరికి, రాత్రి పారకము కొందరికి పంచిరి. నీరు పెరుగలేదు, తూము వెడల్పు కాలేదు, అయినను అందరి పొలములు తడిసినవి.

కరెంటు విషయమున గూడ రెండు కొలతలు గలవు. మీటరుపై కనబడు 'యూనిట్లు' మనము వాడిన మొత్తమును తెలుపును. ఇది మడికి పారిన నీటి వంటిది. 'కిలోవాట్లు' ఒక్క క్షణమున ఎంత లాగుచున్నామో తెలుపును; ఇది తూములో పారుచున్న ధార వంటిది. ఒక కిలోవాటు పరికరమును ఒక గంటసేపు వాడిన ఒక యూనిట్ అగును. ఉదయము 7 గంటలకు వాడినను, మధ్యాహ్నము 2 గంటలకు వాడినను యూనిట్ యూనిటే. కాని తూముపై పడు బరువు మాత్రము ఒకటి కాదు. అందరు ఒకే వేళ వాడు గంటలనే రద్దీ గంటలందురు.

మన రాష్ట్రమున ఉదయము 6 నుండి 10 గంటల వరకు, సాయంకాలము 6 నుండి 10 గంటల వరకు రద్దీ గంటలుగా లెక్కింపబడుచున్నవి. 2022–23 టారిఫు ఉత్తర్వులో హైటెన్షను పరిశ్రమలకు ఈ గంటలలో యూనిటు ఒక్కింటికి ఒక రూపాయి అదనముగా వేసి, రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు వాడినచో రూపాయి తగ్గించిరి. ఇండ్లకు అట్టి లెక్క వేయకపోయినను, లైనుపై పడు బరువు పరిశ్రమకు ఒక తీరు, ఇంటికి ఒక తీరుగా నుండదు గదా!

"బిల్లే లేనప్పుడు పొదుపెందుకు?"

ఈ ప్రశ్న సహజమైనదే. 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకము క్రింద అర్హత గల కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వరకు సున్న బిల్లు వచ్చుచున్నది. వ్యవసాయ మోటార్లకు ఉచిత విద్యుత్తు ఉమ్మడి రాష్ట్రమున 2004 నుండియే కలదు. అట్లయినను పొదుపునకు మూడు కారణములు గలవు.

మొదటిది, 200 యూనిట్లు దాటిన నెలలో రాయితీ వర్తింపక, మొత్తము వాడుకకు బిల్లు వచ్చును. గీతకు దగ్గరగా నున్న యింటివారికి ఐదారు యూనిట్ల పొదుపే పెద్ద తేడా చూపును.

రెండవది, రద్దీ గంటలలో చాలని కరెంటును పంపిణీ సంస్థలు విద్యుత్తు ఎక్స్‌ఛేంజిలో కొనవలసి వచ్చును. అచ్చట యూనిటు ధరకు 2023 ఏప్రిల్‌లో 10 రూపాయల పరిమితి విధింపబడినది. గిరాకీ పెరిగిన సాయంకాలములందు ధర ఆ పరిమితిని తాకిన దినములు గలవు. ఎండ బాగుగా కాయు వేళ సౌర విద్యుత్తు విరివిగా వచ్చుటచే ధర అందులో ఎన్నోవంతుకు పడిపోవును. ఉచితమనగా ధర లేదని కాదు; ప్రభుత్వము మన పక్షమున చెల్లించుచున్నదని అర్థము. ఆ సొమ్మును మనదే.

మూడవది అన్నిటికన్న దగ్గరిది. అది మన ఊరి ట్రాన్సుఫార్మరు. దానికి ఉచితము తెలియదు, రాయితీ తెలియదు. బరువు మించినచో వేడెక్కును. మరియు మించినచో కాలిపోవును.

ఊరి ట్రాన్సుఫార్మరు లెక్క

ఊరిలో 100 కె.వి.ఎ. ట్రాన్సుఫార్మరు ఒకటి 120 ఇండ్లకు కరెంటు ఇచ్చుచున్నదని ఉదాహరణకు అనుకొందము. అది నిలుకడగా మోయగల బరువు సుమారు 90 కిలోవాట్లు. మోటార్లు ఎక్కువగా నున్నచో ఇంకను తగ్గును.

చలికాలపు ఉదయము 7 గంటలకు లెక్క ఇట్లుండును:

దీపములు, ఫ్రిజ్జులు, టీవీలు, మిక్సీలు కలిపి ఇంటికి సగటున 300 వాట్ల చొప్పున 120 ఇండ్లకు – 36 కిలోవాట్లు.
నలువది ఇండ్లలో 1,500 వాట్ల నీళ్ల హీటరు – 60 కిలోవాట్లు.
ఇరువది ఇండ్లలో ట్యాంకి నింపుటకు ఒక హార్సుపవరు మోటారు, ఒక్కొక్కటి సుమారు 1.1 కిలోవాటు చొప్పున – 22 కిలోవాట్లు.
మొత్తము – 118 కిలోవాట్లు.

మోయగలిగినది 90; మోయవలసినది 118. తీగ చుట్టలలో పుట్టు వేడి కరెంటుతో సమముగా పెరుగదు. దాని వర్గము ప్రకారము పెరుగును. బరువు నూటికి 31 వంతులు పెరిగినచో చుట్టల వేడి నూటికి 72 వంతులు పెరుగును. నూనె కాగును; చుట్టల మీది కాగితపు పొర త్వరగా చివికిపోవును. ఇంజనీర్ల లెక్కలో చుట్టల వేడి హద్దు మీరిన పిమ్మట, ప్రతి ఆరేడు డిగ్రీలకు ఆ పొర ఆయువు సగమునకు తగ్గును. కొన్ని సంవత్సరములు పనిచేయవలసిన ట్రాన్సుఫార్మరు నడుమనే కాలిపోవుట కిదియొక ముఖ్య కారణము.

ఇప్పుడు అదే ఊరిలో మోటార్లు గల ఇరువది ఇండ్లవారు ట్యాంకిని మధ్యాహ్నము నింపుకొనిరనుకొందము. హీటరు గల నలువది ఇండ్లలో సగముమంది 6 గంటలకు ముందే నీళ్లు కాచుకొనిరనుకొందము. అప్పుడు ఉదయము 7 గంటల బరువు 36, 30 కలిసి 66 కిలోవాట్లే. ఎవరును స్నానము మానలేదు. ఎవరి ట్యాంకియు ఖాళీగా లేదు. వంతు మాత్రము మారినది.

వోల్టేజి పడిపోయిన నష్టమెవరికి?

ఇంటికి రావలసిన వోల్టేజి 230. నూటికి ఆరు వంతులు అటు ఇటు, అనగా 216 నుండి 244 వరకు, అనుమతింపబడిన హద్దు. రద్దీవేళ ట్రాన్సుఫార్మరునకు దూరముగా, లైను చివర నున్న ఇండ్లలో వోల్టేజి ఇంతకన్న తగ్గుట కలదు.

వోల్టేజి నూటికి పది వంతులు తగ్గినచో హీటరు ఇచ్చు వేడి నూటికి పందొమ్మిది వంతులు తగ్గును. అరగంటలో కాగవలసిన నీళ్లకు ఇంకను ఏడెనిమిది నిమిషములు పట్టును. అనగా అందరు ఒకేసారి పెట్టినచో ఎవరి నీళ్లును త్వరగా కాగవు, రద్దీయే పొడిగింపబడును.

మోటారు సంగతి ఇంకను విషమము. బరువుతో నడుచు మోటారునకు వోల్టేజి తగ్గినచో అది ఎక్కువ కరెంటు లాగి వేడెక్కును. వైండింగు కాలుట ఇట్లే జరుగును. ఊరి అంచున నున్న కొన్ని బావుల మోటార్లు ఊరి ట్రాన్సుఫార్మరు మీదనే యుండుట కలదు. వేరు ట్రాన్సుఫార్మరున్న పొలములకైనను మూలమున సబ్‌స్టేషను, 11 కె.వి. లైను తరచు ఉమ్మడియే. కావున ఊరిలోని హీటరునకు, పొలములోని బోరునకు సంబంధము లేదని తలంపరాదు. వైండింగు చేయించు ఖర్చు ఒక ప్రక్క, మోటారు విప్పి, తీసి, మరల దింపువరకు ఎండు పైరు మరియొక ప్రక్క.

చిన్న దీపములు – పెద్ద లెక్క

ఒక్కొక్క యిల్లు కలిసినచో ఎంత యగునో దేశమంతయు ఒక రాత్రి చూచినది. 2020 ఏప్రిల్ 5వ తేదీ రాత్రి 9 గంటలకు ప్రధానమంత్రి పిలుపుపై ప్రజలు తొమ్మిది నిమిషములు ఇంటి దీపములు మాత్రము ఆర్పిరి. ఫ్యానులు, ఫ్రిజ్జులు ఆపలేదు. అయినను దేశపు గిరాకీ సుమారు 31,000 మెగావాట్లు పడిపోయినది. ఆ హెచ్చుతగ్గును తట్టుకొనుటకు జలవిద్యుత్ కేంద్రములను ముందుగనే సిద్ధపరచియుంచిరి.

ఇతర దేశములును ఈ మార్గమును త్రొక్కినవి. బ్రిటనులో 1978 నుండి రాత్రి ఏడు గంటలకు చౌక ధర పెట్టిరి. అచ్చటి ప్రజలు ఆ వేళ ఇటుకల పొయ్యిలను వేడిచేసి, ఆ వేడిని పగలు వాడుకొనిరి. మన దేశమున గూడ కేంద్ర ప్రభుత్వము 2023 జూన్‌లో నిబంధనలు సవరించి, వేళను బట్టి ధర విధించు పద్ధతికి దారి తీసినది. వ్యవసాయ వాడుకకు మినహాయింపు కలదు. ఇండ్లకు స్మార్టు మీటరు అమర్చిన పిమ్మటనే అది వర్తించును. ఎండవేళ ధర తక్కువగాను, రద్దీవేళ ఎక్కువగాను ఉండవలెనని అందలి సూత్రము. ధర మారకముందే అలవాటు మార్చుకొన్న కుటుంబమునకు అప్పుడు ఇబ్బంది యుండదు.

రద్దీ గంటల గిరాకీ తీర్చుటకు ప్రత్యేక ఏర్పాట్లు కావలెను. బొగ్గు కేంద్రము చల్లారినచో మరల పూర్తి శక్తికి వచ్చుటకు గంటలు పట్టును. జలవిద్యుత్ యంత్రము నిమిషములలో అందుకొనును. అందుకే శ్రీశైలము ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రములు ఆరు, నాగార్జునసాగరమున 100.8 మెగావాట్ల యంత్రములు ఏడు వెనుకకు తిరిగి నీటిని ఎగువకు తోడగల విధముగా నిర్మింపబడినవి. గిరాకీ తక్కువగా నున్నప్పుడు తోడిన నీటిని రద్దీవేళ దింపి కరెంటు తీయుటయే దీని కిటుకు. మన యింటి ట్యాంకిని మధ్యాహ్నము నింపుకొనుటయు చిన్నపాటి అట్టి పనియే.

ఇంటిలో చేయదగిన వంతులు

1. నీళ్లు కాచుట: ఇరువది లీటర్ల నీటిని 35 డిగ్రీలు వేడిచేయుటకు సుమారు 0.8 యూనిటు, అనగా 1,500 వాట్ల హీటరుతో ముప్పది నిమిషములకు పైగా పట్టును. ఉదయము 6 గంటలకు ముందే కాచి మూతపెట్టుడు. కట్టెల పొయ్యిపై కాగు పెట్టు అలవాటున్నవారు దానిని మానవలసిన పనిలేదు. పూనుకొనగలవారు మిద్దెపై సౌర నీళ్ల హీటరు పెట్టుకొన్నచో ఉదయపు బరువు పూర్తిగా తప్పును. హీటరు ఆపి, ప్లగ్గు తీసిన తరువాతనే నీటిలో చేయి పెట్టవలెను.

2. ట్యాంకి నింపుట: ఉదయము 10 నుండి సాయంకాలము 4 గంటల లోపల. ట్యాంకి పొర్లి పోవువరకు మోటారు విడువరాదు. కరెంటుతోపాటు నీరును వృథా యగును.

3. పిండి రుబ్బుట, బట్టల మిషను, ఇస్త్రీ: మధ్యాహ్నపు పనులుగా మార్చుకొనుడు. ఇస్త్రీపెట్టె 750 నుండి 1,000 వాట్లు లాగును. బడిపిల్లల బట్టలు ఉదయము ఒక్కొక్క జత ఇస్త్రీ చేయుటకన్న ఆదివారము పగలు వారమునకు సరిపడ చేసికొన్నచో పెట్టె మాటిమాటికి వేడెక్కవలసిన పని తప్పును.

4. కరెంటు పొయ్యి: ఇండక్షను పొయ్యి 2,000 వాట్ల వరకు లాగును. రాత్రి వంట వేళ గ్యాసు వాడి, కరెంటు పొయ్యిని పగటికి ఉంచుకొనుడు.

5. దీపములు, ఫ్యానులు: 60 వాట్ల పాత బల్బు ఇచ్చు వెలుతురును 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు దాదాపుగా ఇచ్చును. పాత ఫ్యాను 75 వాట్లు లాగగా, కొత్తరకపు బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్ల చుట్టున లాగును. దీపమును, ఫ్యానును రద్దీవేళ మానలేము. కావున వీటిలో వేళ మార్చుట కాక, వస్తువును మార్చుటయే ఉపాయము. పాతది చెడినప్పుడు కొత్తరకము కొనుడు.

6. ఫ్రిజ్జు, కూలరు, ఏసీ: ఫ్రిజ్జును గోడకు ఆనించక గాలి ఆడునట్లుంచవలెను; వేడి అన్నము, కూర చల్లారకముందు లోపల పెట్టరాదు. ఏసీ గలవారు 24 డిగ్రీలకు తగ్గించక, సాయంకాలము 6 నుండి 10 వరకు కూలరుతో సరిపెట్టుకొనుట మేలు.

పొలమువద్ద చేయదగినవి

2017 జూలైలో పాత మెదక్, కరీంనగర్, నల్లగొండ జిల్లాలలో వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ప్రయోగముగా ఆరంభింపబడినది. మిరుదొడ్డి అప్పటి పాత మెదక్ జిల్లా ప్రాంతమే. 2018 జనవరి 1 నుండి రాష్ట్రమంతట సుమారు 23 లక్షల పంపుసెట్లకు దానిని విస్తరించిరి. ఆ సందర్భముననే ఆటో స్టార్టర్లు తీసివేయుడని రైతులను కోరిరి. ఆ మాటలో రెండు మేళ్లు గలవు.

కరెంటు పోయి వచ్చిన క్షణమున ఆటో స్టార్టరున్న మోటార్లన్నియు ఒక్కమారుగా లేచును. నేరుగా లేచు మోటారు నడుచునప్పటికన్న ఐదారు రెట్ల కరెంటు లాగును. పది మోటార్లు ఒకేసారి లేచినచో ఆ క్షణమున యాబది, అరువది మోటార్ల బరువు ట్రాన్సుఫార్మరుపై పడును, ఫ్యూజు పోవును. ఇది మొదటి మేలు. అవసరము లేని వేళ బోరు నడువక భూగర్భజలము నిలుచుట రెండవది.

ఐదు హార్సుపవరు మోటారునకు 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు అమర్చినచో లైనుపై కరెంటు తగ్గి, వోల్టేజి మెరుగగును. వరికి రాత్రి పారకము కన్న పగటి పారకము మేలు. పాముల భయము, చీకటిలో తీగల భయము తప్పును, ఎండవేళ సౌర విద్యుత్తును అందును.

ఒక ముఖ్యమైన హెచ్చరిక: ఫ్యూజు పోయినప్పుడు రైతు స్వయముగా ట్రాన్సుఫార్మరు గద్దె ఎక్కరాదు. ఒక తడి పారకము కొరకు ప్రాణము పణము పెట్టరాదు. లైన్‌మన్‌కు తెలుపుడు, లేదా 1912 నెంబరునకు ఫోను చేయుడు.

గ్రామాధికారులు చేయదగినవి

పంచాయతీ మంచినీటి ట్యాంకునకు మోటారు ఉన్నచో, దానిని మధ్యాహ్నముగాని రాత్రి 10 గంటల తరువాతగాని నడిపించుట పంచాయతీ కార్యదర్శి చేతిలోని పని. వీధి దీపములకు ఆన్, ఆఫ్ స్విచ్చి ఉన్నదా, పగలు వెలుగుచున్నవా యని చూడవలెను. వ్యవసాయ విస్తరణాధికారి రైతువేదిక సమావేశమున ఒక ట్రాన్సుఫార్మరు క్రింది మోటార్ల జాబితా వ్రాయించి, పెద్దలతో కలిసి వంతులు నిర్ణయింపవచ్చును. ఏ ట్రాన్సుఫార్మరుపై బరువు ఎక్కువగా నున్నదో ముందుగనే గుర్తించి విద్యుత్తు శాఖవారికి వ్రాతమూలముగా తెలిపినచో, కాలిన తరువాత పరుగులిడు పని తగ్గును.

ఒక వారపు పరీక్ష

ఈ పాఠము నిజమో కాదో మీ యింటి మీటరే చెప్పగలదు. ఒక నోటుపుస్తకము తీసికొని ఏడు దినములు ఉదయము 6కు, 10కి, సాయంకాలము 6కు, రాత్రి 10కి మీటరుపై యూనిట్ల అంకె వ్రాయుడు. ఈ పని బడికి పోవు పిల్లలకు అప్పగింపవచ్చును. వారికి లెక్కల అభ్యాసమగును. దినమునకు ఎనిమిది రద్దీ గంటలలో ఎన్ని యూనిట్లు, మిగిలిన పదునారు గంటలలో ఎన్ని యూనిట్లు అయినవో తేల్చుడు. రెండవ వారము నీళ్ల హీటరును, ట్యాంకి మోటారును, ఇస్త్రీని రద్దీ గంటల నుండి తప్పించి మరల వ్రాయుడు. మొత్తము యూనిట్లు కొద్దిగానే తగ్గవచ్చును. రద్దీ గంటల యూనిట్లు ఎంత తగ్గినవో, ఆ తగ్గినదే మీరు ఊరి తూమునకు ఇచ్చిన విశ్రాంతి.

అభ్యాసము

1. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెను నలువది ఐదు నిమిషములు వాడినచో ఎన్ని యూనిట్లు? (జవాబు: 0.75)
2. ముప్పది ఇండ్లవారు 1,500 వాట్ల హీటర్లు ఒకేసారి పెట్టినచో ఎంత బరువు? రెండు వంతులుగా పెట్టినచో ఎంత? (జవాబు: 45 కిలోవాట్లు, 22.5 కిలోవాట్లు)
3. రెండు విధములలోను మొత్తము యూనిట్లు మారునా? (జవాబు: మారవు. బరువు మాత్రము సగమగును.)

మూడవ ప్రశ్న జవాబులోనే సారమంతయు కలదు. నీరడి పెట్టిన వంతును పాటించి ఒకే తూము క్రింద తరతరములు పంటలు పండించుకొన్న పల్లెలు మనవి. తూము స్థానమున నేడు ట్రాన్సుఫార్మరు వచ్చినది. వంతు నిర్ణయించు నీరడి మాత్రము ప్రతి యింటను గృహిణియే, ప్రతి పొలమునను రైతే. రాబోవు యాసంగికి ముందే ఒక్కొక్క వాడకట్టులో పది ఇండ్లవారు కూర్చుండి ఉదయపు నీళ్ల వేళలు, ట్యాంకి వేళలు మాట్లాడుకొన్నచో, మార్చిలో గింజ పాలుపోసుకొను వేళ పొలమునకు తడి అందును.